ఉప్పల్ దారిలో పరదేశీయులు: హైదరాబాద్‌లో నివాసానుమతి చరిత్ర

హైదరాబాద్‌లో పరదేశి ఉండాలంటే అనుమతి కావాలన్న నియమం మొదట ఒక ఒప్పందపత్రంలో కనిపిస్తుంది. 1798 సెప్టెంబర్ 1న రెండో నిజాం అలీ ఖాన్‌కు, ఈస్టిండియా కంపెనీకి మధ్య కుదిరిన సైన్య సహకార ఒప్పందం అది. అందులోని ఒక షరతు ప్రకారం నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి అధికారులందరినీ తొలగించాలి. ఇకముందు ఏ ఫ్రెంచివాడికీ కొలువు ఇవ్వకూడదు. కంపెనీకి తెలియకుండా, దాని సమ్మతి లేకుండా ఏ యూరపువాడినీ నౌకరీలో పెట్టుకోకూడదు, రాజ్యంలో ఉండనివ్వకూడదు. తన రాజ్యంలో ఎవరుండాలో తేల్చే అధికారంలో కొంత భాగాన్ని నిజాం ఆ సంతకంతో ఇంకొకరి చేతిలో పెట్టాడు. హైదరాబాద్ స్వతంత్ర రాజ్యంగా చలామణీ అయిన తర్వాతి నూటయాభై ఏళ్లలోనూ యూరపువారి విషయంలో ఈ పట్టు సడలలేదు.

ఆ షరతుకు కారణమైనవాడు ఫ్రెంచి సేనాని మిషెల్ జోకిం రేమాన్. నిజాం కోసం ఆయన తీర్చిదిద్దిన సైన్యంలో సుమారు 14,000 మంది సిపాయిలు, వారిపైన ఫ్రెంచి అధికారులు ఉండేవారు. ఆయన 1798 మార్చిలో చనిపోయాడు. అదే ఏడాది అక్టోబర్‌లో రెసిడెంట్ జేమ్స్ అకిలెస్ కిర్క్‌పాట్రిక్ ఆధ్వర్యంలో కంపెనీ దళాలు ఆ సైన్యాన్ని చుట్టుముట్టి ఆయుధాలు దింపించాయి. ఫ్రెంచి అధికారులను దేశం దాటించారు. రేమాన్ సమాధి మాత్రం నగరానికి తూర్పున ఒక గుట్ట మీద నిలిచిపోయింది. ఆయన పేరే జనం నోట ‘మూసారాం’ అయి, ఆ గుట్ట కింది పేట మూసారాంబాగ్ అయింది. అక్కడినుంచి మూసీ దాటి అంబర్‌పేట, రామంతాపూర్ మీదుగా వస్తే ఉప్పల్. పరదేశి నివాసం గురించి ఈ నగరంలో జరిగిన తొలి రాతకోత ఈ తూర్పు దిక్కునే ఒక గుర్తు వదిలిపెట్టింది.

యూరపువారి విషయం అలా తేలింది గానీ మిగతా పరదేశీయులకు కాగితాల బెడద చాలాకాలం లేదు. అరేబియాలోని హద్రమౌత్ నుంచి అరబ్బులు, ఆఫ్రికా నుంచి హబ్షీలు, వాయవ్య సరిహద్దుల నుంచి రోహిల్లాలు నిజాం సైన్యంలోకి, జాగీర్దార్ల సైన్యాల్లోకి వచ్చి స్థిరపడ్డారు. వారిని ఉండనిచ్చింది జమేదారు, అంటే వారి దళనాయకుడు. తన మనుషుల పేర్లు ఆయన పట్టీలో ఉంటే చాలు, రాజ్యంలో చోటు ఉన్నట్టే. హద్రమౌత్‌లో తర్వాత రాజ్యమేలిన ఖ్వైతీ వంశం వారు హైదరాబాద్‌లో జమేదార్లుగా బలపడినవారేనంటే ఆ పట్టీకి ఎంత విలువ ఉండేదో ఊహించవచ్చు. అరబ్బులు బార్కస్‌లో, ఆఫ్రికా అశ్విక దళం వారు నేటి ఏసీ గార్డ్స్‌లో నివాసాలు ఏర్పరచుకున్నారు. తార్నాక, ఉప్పల్ మధ్యనున్న హబ్సిగూడకు ఆ పేరు హబ్షీల వల్లనే వచ్చిందని చెబుతారు.

అనుమతి అసలు సమస్యగా మారింది మొదటి సాలార్‌జంగ్ కాలంలో. 1853 నుంచి 1883 వరకు దివానుగా ఉన్న ఆయన పాలనా యంత్రాంగాన్ని కొత్తగా కట్టడానికి ఉత్తరాది నుంచి చదువుకున్నవారిని పిలిపించాడు. సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, మెహదీ అలీ ఖాన్ అలా వచ్చినవారే. స్థానిక కుటుంబాలకు ఇది కంటగింపు అయింది. సొంత రాజ్యం వాడు ముల్కీ, బయటివాడు గైర్ ముల్కీ అన్న విభజన దర్బారు మాటల్లోనుంచి దఫ్తర్లలోకి దిగింది. గైర్ ముల్కీ ఎంత పెద్ద హోదాలో ఉన్నా దర్బారు తలచుకుంటే రాజ్యం విడిచిపోవలసిందే. బెంగాల్ నుంచి వచ్చి, తర్వాతి కాలంలో నిజాం కాలేజీగా ఎదిగిన విద్యాసంస్థకు పునాది వేసిన అఘోరనాథ్ చటోపాధ్యాయకు ఆ అనుభవం ఎదురైంది. చాందా రైల్వే పథకంపై జరిగిన ఆందోళనలో పాల్గొన్నందుకు 1883లో ఆయనను ఉద్యోగం నుంచి తప్పించి హైదరాబాద్ నుంచి పంపేశారు. కొంతకాలానికి తిరిగి రానిచ్చారు. ఆయన కూతురు సరోజినీ నాయుడు పుట్టింది ఈ నగరంలోనే. నివాసం హక్కుగా కాకుండా దయగా ఉన్నచోట విద్యావంతుడి బతుకు కూడా ఎంత అస్థిరంగా ఉంటుందో ఈ ఒక్క ఉదంతం చెబుతుంది.

ఆ అస్థిరతకు 1919లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానా ఒక లెక్క కట్టింది. ముల్కీ నిబంధనలుగా పేరుపడిన ఆ నియమాలను నిదానంగా చదవాలి, ఎందుకంటే పరదేశి స్థానికుడు కావడానికి ఒక క్రమమైన మార్గాన్ని హైదరాబాద్ పాలన కాగితం మీద పెట్టడం అందులో స్పష్టంగా కనిపిస్తుంది. పుట్టుకతో హైదరాబాద్ ప్రజ అయినవాడు ముల్కీ. పదిహేనేళ్ల సర్కారు నౌకరీ పూర్తిచేసిన తండ్రికి ఆ నౌకరీలో ఉండగా పుట్టినవాడు ముల్కీ. ముల్కీని పెళ్లాడిన స్త్రీ కూడా ముల్కీయే. ఇవేవీ కానివాడికి నాలుగో దారి ఉంది. రాజ్యంలో కనీసం పదిహేనేళ్లు స్థిరనివాసం ఉండాలి. వచ్చిన చోటికి తిరిగి వెళ్లే ఆలోచన మానుకున్నట్టు నిర్ణీత నమూనాలో ప్రమాణపత్రం రాసి, మేజిస్ట్రేటు చేత ధ్రువీకరణ చేయించుకోవాలి. అది చేతిలో ఉంటే సర్కారు కొలువుకు అర్హత వచ్చేది. లేకపోతే నిజాం ప్రత్యేక అనుమతి తప్ప వేరే దారి లేదు.

ఏళ్ల లెక్క, శాశ్వత నివాసం, తిరిగి వెళ్లనన్న ప్రమాణం, అధికారి సంతకం. ప్రపంచంలో చాలా దేశాలు శాశ్వత నివాసానికి, పౌరసత్వానికి ఇప్పటికీ అడిగే అంశాల్లో ఎక్కువ భాగం ఆ చిన్న నిబంధనలో ఉన్నాయి. పదిహేనేళ్లు తక్కువేమీ కాదు. అయినా గడువు ఎప్పుడు తీరుతుందో ముందే తెలిసేది, ఆ తర్వాత దర్బారు దయ కోసం ఎదురుచూసే పని ఉండేది కాదు. ముల్కీ నిబంధనలను ఉద్యోగాల గొడవగా మాత్రమే గుర్తుపెట్టుకోవడం వల్ల వాటిలోని ఈ కోణం మరుగున పడింది.

బ్రిటిష్ ఇండియాలో అప్పటికే వేరే పద్ధతి వేళ్లూనుతోంది. మొదటి ప్రపంచయుద్ధ కాలపు భయాల్లోనుంచి 1920లో పాస్‌పోర్టు చట్టం వచ్చింది. రెండో యుద్ధం ముంచుకొస్తుండగా 1939లో విదేశీయుల నమోదు చట్టం, యుద్ధం ముగిశాక 1946లో విదేశీయుల చట్టం వచ్చాయి. 1939 చట్టం కింద పరదేశి తన రాకను, చిరునామాను, మకాం మార్పును నమోదు అధికారికి తెలపవలసి వచ్చేది. ఆ అధికారి సాధారణంగా జిల్లా పోలీసు అధికారి. 1946 చట్టం ఇంకా కఠినమైంది. తాను విదేశీయుడిని కానని నిరూపించుకునే భారాన్ని అది ఆ మనిషి మీదనే పెట్టింది. జమేదారు పట్టీ, దర్బారు దయ, మేజిస్ట్రేటు ప్రమాణపత్రం ఉన్న చోటికి పోలీసు రిజిస్టరు వచ్చింది.

హైదరాబాద్‌కు ఈ మార్పు ఒక్కసారిగా, అదీ ఘర్షణతో కూడి వచ్చింది. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్యతో నిజాం రాజ్యం భారత్‌లో కలిసింది. నిజాం సైన్యంలోను, ఇతర సేవల్లోను ఉన్న అరబ్బులు, పఠాన్లు రాత్రికి రాత్రే అనుమానితులయ్యారు. కొందరిని నిర్బంధించారు, కొందరిని పంపించారు. కానీ తాతల కాలం నుంచి ఇక్కడే ఉండి, ఇక్కడే పెళ్లిళ్లు చేసుకుని, తెలుగు, దక్కనీ ఉర్దూ తప్ప వేరే భాష రాని మనిషిని ఏ దేశానికి పంపాలి? ఆ ప్రశ్నకు అధికారుల దగ్గర సూటి జవాబు లేకపోయింది. చివరకు చాలామంది ఇక్కడే ఉండిపోయారు. 1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలోని 5వ అధికరణం స్థిరనివాసం ఉండి, దేశంలో పుట్టినవారికి, తల్లిదండ్రుల్లో ఒకరు ఇక్కడ పుట్టినవారికి, రాజ్యాంగం ప్రారంభానికి ముందు కనీసం ఐదేళ్లు మామూలుగా ఇక్కడ నివసించినవారికి పౌరసత్వం ఇచ్చింది. బార్కస్ కుటుంబాలు ఈ గడ్డ మీద నిలిచాయంటే ఆ అధికరణంలోని నివాసపు లెక్కకు అందులో పెద్ద పాత్ర ఉంది.

ఇంకో వైపు కరాచీ వెళ్లిన హైదరాబాదీ కుటుంబాలు ఉన్నాయి. పశ్చిమ పాకిస్తాన్ నుంచి రాకపోకలకు 1948లో పర్మిట్ పద్ధతి, 1952 అక్టోబర్‌లో పాస్‌పోర్టు, వీసా పద్ధతి మొదలయ్యాయి. కన్నతల్లిని చూడటానికి వచ్చే కొడుకు పోలీస్‌స్టేషన్‌లో పేరు రాయించుకోవలసి వచ్చింది. వీసాలో ఏ ఊరి పేరు ఉంటే ఆ ఊరు దాటి వెళ్లడానికి వీల్లేదు. పరదేశి అన్న మాటకు చట్టం ఇచ్చిన అర్థం కూడా 1957లో మారింది. అంతకుముందు బ్రిటిష్ సామ్రాజ్యపు ప్రజలు 1946 చట్టం దృష్టిలో విదేశీయులు కారు. 1957 సవరణ తర్వాత భారత పౌరుడు కాని ప్రతివాడూ విదేశీయుడే.

ముల్కీ నిబంధనలు వీటికి సమాంతరంగా ఇంకొంత కాలం బతికాయి. దేశంలో దేశంగా ఉన్న రాజ్యం పోయాక పొరుగు జిల్లాలవారిని గైర్ ముల్కీలనడం ఎంతవరకు చెల్లుతుందన్న ప్రశ్న వచ్చింది. 1952లో దొంగ ముల్కీ సర్టిఫికెట్లతో బయటివారు ఉద్యోగాలు పొందుతున్నారని విద్యార్థులు ఆందోళనకు దిగారు. ఆ సెప్టెంబర్‌లో సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 1969 తెలంగాణ ఉద్యమానికి ఉస్మానియా క్యాంపస్ గుండెకాయ అయింది. 1972 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పిచ్చింది. దానికి ప్రతిగా ఆంధ్ర ప్రాంతంలో మరో ఉద్యమం లేచింది. 1973లో పార్లమెంటు ఆ నిబంధనలను రద్దుచేసి, 32వ రాజ్యాంగ సవరణతో 371డి అధికరణాన్ని తెచ్చింది. పరదేశిని స్థానికుడిగా మార్చడానికి రాసుకున్న నియమం చివరికి తెలుగువారి మధ్యనే గోడ అయి, ఆ గొడవతోనే అంతరించింది.

ఇదే కాలంలో ఉప్పల్ రోడ్డు మీద కొత్త రకం పరదేశీయులు కనిపించడం మొదలైంది. అప్పటిదాకా అది పొలాలు, తోటలు ఉన్న శివారు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి తూర్పున ఒక్కొక్కటిగా జాతీయ సంస్థలు వెలిశాయి. నేటి భారత రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీకి మూలమైన ప్రాంతీయ పరిశోధనశాల తార్నాక దగ్గర ఉంది. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961లో ఏర్పడింది. ఇంగ్లీషు బోధన కోసం 1958లో నెలకొల్పిన కేంద్ర సంస్థ 1972లో సీఐఈఎఫ్‌ఎల్ అయి, తర్వాత ఇఫ్లూగా కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ వచ్చింది. కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ భవనాలను 1987లో ప్రధాని రాజీవ్ గాంధీ జాతికి అంకితం చేశారు. పక్కనే నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడలు పెరిగాయి.

1964లో భారత ప్రభుత్వం ప్రారంభించిన సాంకేతిక, ఆర్థిక సహకార పథకం ఐటెక్ ఈ సంస్థలకు ఆసియా, ఆఫ్రికా దేశాల అధికారులను, ఉపాధ్యాయులను పంపింది. ఉప్పల్‌లో సర్వే పని నేర్చుకున్న పరదేశి, ఇఫ్లూలో ఇంగ్లీషు బోధన నేర్చుకున్న పరదేశి కొన్ని వారాలో నెలలో ఉండి తిరిగిపోయేవారు. వారి ఖర్చు, బస ప్రభుత్వానివే గనుక నివాసానుమతి చిక్కు వారికి పెద్దగా తగలలేదు. ఉస్మానియాలో డిగ్రీ, పీజీ చదవడానికి వచ్చినవారి సంగతి వేరు. 1970లలో ఇరానీ విద్యార్థులు, ఆ తర్వాత సూడాన్, సోమాలియా, యెమెన్, ఇరాక్, అఫ్గానిస్తాన్, తూర్పు ఆఫ్రికా దేశాల వారు వచ్చారు. 1950లో ఏర్పడిన భారత సాంస్కృతిక సంబంధాల మండలి (ఐసీసీఆర్) ఉపకారవేతనాల మీద కొందరు, సొంత డబ్బుతో కొందరు. హాస్టల్ దొరకనివాళ్లు తార్నాక, హబ్సిగూడ, నాచారం, రామంతాపూర్‌లలో కిరాయి ఇళ్లు చూసుకున్నారు.

కిరాయి ఇల్లు దగ్గరే నివాసానుమతి అసలు కథ మొదలవుతుంది. 180 రోజులకు మించిన విద్యార్థి వీసాతో వచ్చినవాడు దిగిన 14 రోజుల్లో నమోదు చేయించుకోవాలి. పాస్‌పోర్టు, వీసా, ఫొటోలు, విశ్వవిద్యాలయం ఇచ్చే బోనఫైడ్ సర్టిఫికెట్, వీటితోపాటు చిరునామా రుజువు కావాలి. ఆ రుజువు అంటే కిరాయి అగ్రిమెంటు, ఇంటి ఓనరు కరెంటు బిల్లు. ఓనరు మీద కూడా బాధ్యత ఉంది. పరదేశి తన ఇంట్లో దిగిన 24 గంటల్లో నిర్ణీత ఫారం నింపి అధికారులకు తెలపాలి. అగ్రిమెంటు ఇవ్వడానికి జంకే ఓనరు, అగ్రిమెంటు లేనిదే పర్మిట్ ఇవ్వని ఆఫీసు, పర్మిట్ లేనిదే బ్యాంకు ఖాతా తెరవని మేనేజరు. ఈ ముగ్గురి మధ్య కొత్తగా వచ్చిన కుర్రాడు తిరగాలి. పర్మిట్ గడువు తీరేలోపు మళ్లీ బోనఫైడ్, మళ్లీ అగ్రిమెంటుతో పొడిగింపు అడగాలి. పరీక్షలు ఆలస్యమైనా, ఫలితాలు ఆగిపోయినా గడువు మాత్రం ఆగదు. గడువు దాటి ఉంటే జరిమానా కట్టాలి, వెళ్లేముందు నిష్క్రమణ అనుమతి తెచ్చుకోవాలి. విద్యార్థి వీసా మీద ఉద్యోగం చేయకూడదు.

ఈ తూర్పు ప్రాంతానికే ఉన్న మరో చిక్కు పోలీసు సరిహద్దులది. ఉస్మానియా క్యాంపస్ హైదరాబాద్ నగర పోలీసు కింద ఉండగా, ఉప్పల్, నాచారం 2003లో ఏర్పడిన సైబరాబాద్ కమిషనరేట్‌లోకి, 2016లో రాచకొండ కమిషనరేట్‌లోకి వెళ్లాయి. తార్నాకలో ఉన్న విద్యార్థి కిరాయి తక్కువని కిలోమీటరు అవతల నాచారంలో గది తీసుకుంటే పోలీసు లెక్కలో వేరే పరిధిలోకి మారినట్టే. చదువుకునేది అదే తరగతి గదిలో, చిరునామా మాత్రం మరో కమిషనరేట్‌లో. నమోదు, పొడిగింపు పనులను విదేశీయుల ప్రాంతీయ నమోదు కార్యాలయం చేపట్టాక, 2018లో ఇ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ పద్ధతి వచ్చాక దరఖాస్తు ఆన్‌లైన్‌కు మారి ఈ తిరుగుడు చాలావరకు తగ్గింది. చిరునామా తనిఖీ మాత్రం స్థానిక పోలీసు చేతిలోనే ఉంది.

పరిశోధకులకు, ఉద్యోగులకు వేరే వరసలు ఉన్నాయి. సీసీఎంబీ లాంటి చోటికి వచ్చే శాస్త్రవేత్తకు పరిశోధన వీసా. పరిశ్రమల్లోకి వచ్చే నిపుణుడికి ఉద్యోగ వీసా. సంపాదన తక్కువైన పనులకు పరదేశీయులను తెచ్చుకోకుండా 2010 ప్రాంతంలో ఉద్యోగ వీసాకు ఏడాదికి 25,000 డాలర్ల కనీస వేతనం షరతు పెట్టారు. విదేశీ వంటల వంటవాళ్లకు, భాషా బోధకులకు అందులో మినహాయింపు ఇచ్చారు. వీళ్ల తరఫున కంపెనీయో సంస్థో కాగితాలు నడుపుతుంది. విద్యార్థికి అలాంటి అండ లేదు. అందుకే నివాసానుమతి బరువంతా ఎక్కువగా మోసేది అతనే, ఆమే.

తార్నాక, హబ్సిగూడ, నాచారం కాలనీల్లో ఇళ్లు కట్టుకున్న కుటుంబాల్లో చాలావాటికి ఈ బరువు తెలియనిది కాదు. పిల్లలు అమెరికాలో హెచ్-1బీ మీద ఉండి, ఒక్కో దేశానికి ఏడాదికి 7 శాతం మించి ఉద్యోగాధారిత గ్రీన్‌కార్డులు ఇవ్వని 1990 చట్టపు పరిమితి వల్ల ఏళ్ల తరబడి వరసలో నిలబడి ఉన్నారు. 2008లో హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ తెరిచినప్పటినుంచి వీసా ఇంటర్వ్యూ మాట ఇంటింటి మాట అయింది. అలాంటి ఇంటి ఓనరే సూడాన్ విద్యార్థికి అగ్రిమెంటు రాసివ్వడానికి వెనకాడటం న్యాయం కాదు. తన బిడ్డకు డల్లాస్‌లో అపార్ట్‌మెంటు లీజు ఎంత అవసరమో ఈ బిడ్డకు నాచారంలో ఆ స్టాంపు పేపరు అంతే అవసరం.

ఇన్నేళ్లు ఇక్కడ చదివి, ఇక్కడే ఉండాలనుకునేవాడికి దారి ఉందా అంటే, చట్టంలో ఉంది. 1955 పౌరసత్వ చట్టం ప్రస్తుత రూపంలో సహజీకరణకు దరఖాస్తుకు ముందు 12 నెలలు ఎడతెగకుండా, దానికి ముందరి 14 ఏళ్లలో మొత్తం 11 ఏళ్లు నివాసం ఉండాలంటుంది. 1919 నాటి పదిహేనేళ్లకు, దీనికి పెద్ద తేడా లేదు. కానీ గడువు పూర్తిచేసినంత మాత్రాన హక్కు రాదు, నిర్ణయం కేంద్ర ప్రభుత్వ విచక్షణకు వదిలి ఉంది. చదువు అయ్యాక వీసా ముగుస్తుంది గనుక విద్యార్థికి అన్నేళ్లు చట్టబద్ధంగా కూడబెట్టడమే గగనం. ఈ విషయంలో పాత ఫర్మానాయే మేలని చెప్పక తప్పదు. అది సామాన్యుడికి లెక్క చెప్పింది.

1920, 1939, 1946 నాటి చట్టాలను, 2000 సంవత్సరపు రవాణా సంస్థల బాధ్యత చట్టాన్ని కలిపి రద్దుచేస్తూ పార్లమెంటు 2025లో వలస, విదేశీయుల చట్టం చేసింది. అది 2025 సెప్టెంబర్ 1న అమల్లోకి వచ్చింది. దాని కింద వసతి ఇచ్చేవారితోపాటు విద్యాసంస్థలు, ఆసుపత్రులు కూడా తమ దగ్గరికి వచ్చే విదేశీయుల వివరాలు నమోదు అధికారికి ఇవ్వాలి. ఉస్మానియా, ఇఫ్లూ లాంటి విశ్వవిద్యాలయాలకూ, నాచారం, హబ్సిగూడ కాలనీల ఇంటి ఓనర్లకూ ఇప్పుడు వర్తిస్తున్నది ఈ చట్టమే.